చలికాలం పెరడు, పిట్టల రాక: గింజలు, నీళ్ళు, మొక్కలు, రాలిన ఆకులు, గూటిపెట్టె – ఏది ముందు?

దసరా దాటి వానలు వెనక్కి తగ్గాయంటే మన పెరళ్ళలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి తోట సర్దుకోవడం: ఎండిన పాదులు పీకడం, కొమ్మలు కత్తిరించడం, ఆకులన్నీ ఊడ్చి పోగేసి తగలెయ్యడం. రెండోది పిట్టల రాక. హిమాలయాల నుంచీ, మధ్య ఆసియా నుంచీ, సైబీరియా నుంచీ బయల్దేరిన పిట్టలు సెప్టెంబరు మొదలుకొని మన వైపు దిగుతాయి, మార్చి ఏప్రిల్ దాకా ఉంటాయి. వలస పక్షులంటే పులికాట్‌లో రాజహంసలు, కొల్లేట్లో కొంగలు మాత్రమే కాదు. పది పన్నెండు గ్రాముల బరువున్న పిట్టలు కూడా అంత దూరం ఎగిరొచ్చి మీ గోరింటాకు పొదలో నెలల తరబడి ఉండిపోతాయి. చాలామందికి అవి వచ్చిన సంగతే తెలియదు, ఎందుకంటే మొదటి పని రెండోదాన్ని తరిమేస్తుంది.

ఈ చలికాలం పెరట్లోకి పిట్టలు రావాలంటే ఏం చేయాలని అడిగితే ఐదు సలహాలు వినిపిస్తాయి. గింజలు వేయండి. నీళ్ళు పెట్టండి. పూలూ పండ్లూ ఇచ్చే మొక్కలు నాటండి. ఆకులు ఊడ్వకుండా వదిలేయండి. గూటిపెట్టె తగిలించండి. అన్నీ మంచివే గాని అందరికీ అన్నీ కుదరవు. నా మాట ముందే చెప్తాను: మొదట నీళ్ళు, తర్వాత ఊడ్వని ఒక మూల, ఆ తర్వాత మొక్కలు. గింజలు చివర్న. ఈ వరస చాలామందికి తలకిందులుగా కనిపిస్తుంది కాబట్టి కారణాలు వివరంగా చెప్పాలి.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ఎవరు వస్తారు? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. పిచ్చుకలు, గువ్వలు, జీనువాయిలు (మునియాలు), పావురాలు, రామచిలుకలు గింజలు తింటాయి. తేనెపిట్టలకు పూల తేనె కావాలి. పిగిలిపిట్టలకూ (బుల్‌బుల్), కోయిలలకూ పండ్లు కావాలి. ఇవన్నీ ఏడాది పొడుగునా మన మధ్య ఉండేవే. చలికాలంలో మాత్రమే వచ్చే అతిథుల సంగతి వేరు. పొదల్లో కనబడకుండా 'చక్... చక్' అంటూ తిరిగే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్, చెట్టు పైకొమ్మల్లో ఆకు ఆకూ వెతికే గ్రీనిష్ వార్బ్లర్, గాల్లోనే ఈగల్ని పట్టే రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్, తోక ఆడించుకుంటూ నేల మీద నడిచే వ్యాగ్‌టెయిల్, ఒంటి నిండా రంగులున్న పొన్నంగి పిట్ట (ఇండియన్ పిట్టా): వీటన్నిటి తిండి పురుగులే. మీరు బస్తా కొర్రలు పోసినా ఇవి వాటి వంక చూడవు. జొన్న చేల మీద గుంపులుగా వాలే రోజీ స్టార్లింగ్‌ల వంటివి కొన్ని గింజలు తింటాయిగాని, ఇళ్ళ మధ్య పెరళ్ళకు వచ్చే అతిథుల్లో ఎక్కువ భాగం పురుగులు తినేవే.

రోజూ ఎంత పని? మొదలుపెట్టి మానేస్తే కొన్నిటితో నష్టమేం లేదు. కొన్నిటితో జబ్బులొస్తాయి, పిట్టలకూ మనకూ.

ఎన్నాళ్ళకు ఫలితం? నీళ్ళ తొట్టి రోజుల్లో పనిచేస్తుంది, రేగు చెట్టు ఏళ్ళు తీసుకుంటుంది.

వెంట వచ్చే బెడద ఏమిటి? గింజలతో ఎలుకలూ పావురాలూ, నీళ్ళతో దోమలు, పండ్లతో కోతులు, ఆకుల పొరతో పాముల భయం. వీటిని దాచిపెట్టి సలహా చెప్పడం సరికాదు.

మీ ఊరి చలికాలం ఎలాంటిది? తెలంగాణలో నవంబరు నుంచి వాన ఉండదు, నేల ఎండిపోతూ వస్తుంది. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనం పుణ్యమా అని నవంబరు, డిసెంబరుల్లోనే మంచి వానలు పడతాయి. ఆదిలాబాద్, అరకు, లంబసింగి ప్రాంతాల చలి ఇంకో తీరు. ఒకే సలహా అన్ని చోట్లా పనిచేయదు.

## నీళ్ళు

ఎండాకాలంలో డాబా మీద నీళ్ళు పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. దీపావళి నాటికి ఆ గిన్నెలు అటకెక్కుతాయి. కానీ హైదరాబాద్, కరీంనగర్, కర్నూలు లాంటి చోట్ల డిసెంబరు, జనవరి నెలలు పొడి నెలలు. గుంటలు ఎండిపోతాయి, కాలువలు మురికిగా మారతాయి. గింజలు తినే పిట్టకైనా, పురుగులు తినే పిట్టకైనా, తేనె తాగే పిట్టకైనా పనికొచ్చేది నీళ్ళొక్కటే. అందుకే దీన్ని మొదట పెట్టాను.

దీనికి బజారులో దొరికే ఖరీదైన పాలరాతి తొట్టి అక్కర్లేదు. వెడల్పాటి మట్టి మూకుడు, లేదా పెద్ద కుండీ కింద పెట్టే మట్టి పళ్ళెం చాలు. వెడల్పు అడుగు నుంచి అడుగున్నర ఉంటే బాగుంటుంది. లోతే అసలు విషయం: మధ్యలో రెండంగుళాలు దాటకూడదు, అంచుల దగ్గర అరంగుళం చాలు. స్టీలు గిన్నె, నున్నటి ప్లాస్టిక్ టబ్బు వద్దు, పిట్ట కాలు జారుతుంది. మట్టి గరుకుగా ఉంటుంది కాబట్టి పట్టు దొరుకుతుంది. మధ్యలో నీటిపైకి తేలేలా ఒక బండరాయి పెట్టండి. చిన్న పిట్టలు నేరుగా నీళ్ళలోకి దిగవు. ముందు రాయి మీద వాలి, నాలుగు వైపులా చూసి, అంచున మునివేళ్ళు తడుపుకుని, అప్పుడు ఒళ్ళు ముంచుతాయి. చలి రోజుల్లో కూడా స్నానం మానవు. ఈకలు శుభ్రంగా ఉంటేనే వాటి మధ్య గాలి నిలిచి ఒళ్ళు వెచ్చగా ఉంటుంది.

ఎక్కడ పెట్టాలి? పొదకు ఐదారు అడుగుల దూరంలో. పిల్లి దాక్కోవడానికి పక్కన చాటు ఉండకూడదు, భయపడిన పిట్ట ఎగిరి చేరడానికి దగ్గర్లో కొమ్మ ఉండాలి. పొద్దుటి ఎండ తగిలే చోటైతే మరీ మంచిది. పెద్ద గాజు కిటికీలున్న ఇళ్ళలో ఇంకో జాగ్రత్త ఉంది. తొట్టి గాజుకు మూడడుగుల లోపు ఉండాలి, లేదంటే ముప్పై అడుగుల అవతల ఉండాలి. మధ్య దూరంలో పెడితే ఎగిరే వేగంలో గాజును ఢీకొని చచ్చిపోతాయి.

దోమల మాట. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ ఇలాంటి శుభ్రమైన నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి రోజూ, కనీసం రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చేవాళ్ళకు భయం లేదు. అయితే పారబోసి మళ్ళీ నింపితే సరిపోదు. ఆ గుడ్లు గిన్నె గోడకు అంటుకుని, ఎండినా బతికే ఉంటాయి. కొబ్బరి పీచుతో గోడలు గట్టిగా రుద్దాలి. దోమలు పెరగకుండా శుక్రవారం డ్రై డే పాటించే ఇళ్ళలో ఆ రోజు మూకుడు బోర్లించి ఎండబెడితే నాచు కూడా పోతుంది. ఊరెళ్తుంటే నీళ్ళు పారబోసి బోర్లించి వెళ్ళండి. సగం నీళ్ళతో వదిలేయడం మాత్రం వద్దు.

ఇంకో పద్ధతి ఉంది, ఖర్చు అసలే లేదు. పొద్దున మొక్కలకు నీళ్ళు పట్టేటప్పుడు మొదళ్ళతోపాటు అరటి ఆకులూ మందారం ఆకులూ కూడా తడపండి. తేనెపిట్టలు తొట్టిలోకి దిగడం అరుదు. తడి ఆకు మీద వాలి జారుతూ, ఒళ్ళంతా ఆకుకేసి రుద్దుకుని స్నానం చేస్తాయి. వార్బ్లర్లదీ అదే తీరు. కాసేపు దూరంగా నిలబడితే కళ్ళారా చూడొచ్చు.

నెల్లూరు వైపు వాళ్ళకు నవంబరులో తొట్టి అంత అవసరం పడదు. వానలు ఆగాక, సంక్రాంతి ముందు మొదలుపెట్టినా చాలు.

## ఊడ్వని మూల

వాకిలి ఊడ్చి కల్లాపి చల్లడం మన ఇళ్ళ మర్యాద, దాన్ని మార్చమని ఎవరూ అనరు. నేను అడిగేది పెరటి వైపు ఒక మూల, ఆరడుగుల చదరం చాలు. అక్కడ మామిడి, జామ, వేప ఆకులు రాలినవి రాలినట్టు రెండు మూడు అంగుళాల మందాన పరిచి ఉంచండి.

ఆ పొర కింద తేమ నిలుస్తుంది. తేమలో చెదపురుగులు, జెర్రి పిల్లలు, సాలీళ్ళు, వానపాములు, రకరకాల లార్వాలు చేరతాయి. పురుగులు తినే పిట్టకు అది వంటిల్లు. జంగిల్ బాబ్లర్లు గుంపుగా దిగి ఒక్కో ఆకునూ ముక్కుతో పక్కకు విసిరేస్తూ వెతుకుతాయి, ఆ చప్పుడు ఇంట్లోకి వినబడుతుంది. మాగ్‌పై రాబిన్ ఒక్కటే వచ్చి నిలబడి చూసి చూసి దూకుతుంది. అక్టోబరు, నవంబరుల్లో అదృష్టం ఉంటే పొన్నంగి పిట్ట కూడా దిగుతుంది. ఉత్తరాదిలో పిల్లల్ని పెంచి చలికాలానికి దక్షిణానికి వచ్చే ఈ పిట్ట నేల మీద గెంతుతూ ఆకుల కిందే తిండి వెతుక్కుంటుంది. సిమెంటు చేసిన పెరట్లో దానికి ఏమీ దొరకదు. వలసలో అలసి ఇళ్ళలోకి దూరిన పొన్నంగి పిట్టలు అప్పుడప్పుడూ దొరుకుతుంటాయి. అలాంటిది కనబడితే గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట ఉంచి అటవీ శాఖకు ఫోన్ చేయండి. నోట్లో నీళ్ళు పోయొద్దు.

తోటకూ ఇదే మేలు. తెలంగాణలో నవంబరు నుంచి జూన్ దాకా వాన మీద ఆశ పెట్టుకోలేం. ఆకుల పొర నేల తేమను కాపాడుతుంది, నీళ్ళు పెట్టే పని తగ్గిస్తుంది, వచ్చే వానాకాలానికి ఎరువై కలిసిపోతుంది. చలికాలపు ఉదయాల్లో పొగ పైకి లేవదు, నేలకు దగ్గరగా వీధంతా పరుచుకుంటుంది. ఆకులు తగలబెట్టకపోతే ఇరుగుపొరుగు ఊపిరితిత్తులకూ మంచిదే.

పాములొస్తాయేమో అనే భయం న్యాయమైనదే, ముఖ్యంగా పసిపిల్లలున్న ఇళ్ళలో. పాము తిండికోసం వస్తుంది, చాటుకోసం ఆగుతుంది. పలచగా పరిచిన ఆకులకంటే ఇటుకల గుట్ట, కట్టెల మోపు, విరిగిన పెంకుల కుప్ప, ఎలుక బొరియలు దానికి ఇష్టం. కాబట్టి ఈ మూల ఇంటి గోడకు, దొడ్డి తలుపుకు కనీసం పదడుగుల దూరంలో ఉండాలి, ఆకులు కుప్పగా కాక పలచగా ఉండాలి, వాటి మీద ఏ సామానూ పడేయకూడదు, చీకట్లో అటు వెళ్ళకూడదు. అంత దూరం లేని ఇళ్ళలో ఈ మూల వద్దు. పెద్ద కుండీల్లోనూ చెట్టు పాదులోనూ ఆకులు కప్పండి, కొంత ఫలితం వస్తుంది.

ఇక ఇది ఎవరికి నచ్చదంటే, పెరడు అద్దంలా ఉండాలనుకునేవాళ్ళకు. వాళ్ళు రెండడుగుల ఎత్తు క్రోటన్ వరుసతో ఆ మూలను మరుగు చేసుకోవచ్చు.

## పూలూ, పండ్లూ

దీర్ఘకాలానికి ఇంతకు మించింది లేదు. ఒకసారి నాటితే రోజూ గుర్తుపెట్టుకుని చేయాల్సిన పనేమీ ఉండదు. అయితే చలికాలంలో ఏది పూస్తుంది, ఏది కాస్తుంది అన్నది చూసుకుని ఎంచుకోవాలి. నేరేడు గొప్ప చెట్టే, కానీ దాని పండ్లు ఎండాకాలం చివర వస్తాయి.

| మొక్క | చలికాలంలో ఇచ్చేది | ఎవరికి | స్థలం | గమనిక |
|---|---|---|---|---|
| మందారం | పూల తేనె, ఏడాదంతా | తేనెపిట్టలు | కుండీ చాలు | ఒంటి రేకలది ఎంచుకోండి, ముద్ద మందారంలో తేనె అందదు |
| హమేలియా | తేనె, చిన్న పండ్లు | తేనెపిట్టలు, పిగిలిపిట్టలు | పెద్ద కుండీ లేదా గోడ వార | తక్కువ నీళ్ళతో బతుకుతుంది |
| అడ్డసరం | చలికాలపు తెల్లని పూలు | తేనెపిట్టలు | కంచె వెంట | మేకలు ముట్టవు |
| మునగ | పూలు, వాటికి చేరే పురుగులు | తేనెపిట్టలు, వార్బ్లర్లు | పెరట్లో మూల | కొమ్మ నాటితే త్వరగా వస్తుంది |
| రేగు | భోగి నాటికి పండ్లు | పిగిలిపిట్టలు, గోరింకలు, చిలుకలు | పెద్ద పెరడు, పొలం గట్టు | ముళ్ళు పిల్లుల్ని దూరం పెడతాయి |
| సింగపూర్ చెర్రీ | ఏడాదంతా చిన్న పండ్లు | కోయిలలు, పిగిలిపిట్టలు, ఫ్లవర్‌పెకర్లు | మధ్యస్థం | రెండు మూడేళ్ళలో నీడ, పండ్లు |
| జామ | చలికాలపు కాపు | చిలుకలు, పిగిలిపిట్టలు | మధ్యస్థం | కోతులున్న ఊళ్ళో ఆలోచించుకోండి |
| జొన్న, సజ్జ, తోటకూర | కంకులు, విత్తనాలు | జీనువాయిలు, పిచ్చుకలు | ఒక చిన్న మడి | అక్టోబరులో విత్తాలి |

ఒక్కటే నాటగలిగే చోటుంటే మునగ నాటండి. ఇంటికి కాయ, ఆకు. జనవరిలో చెట్టంతా పూత మీద ఉన్నప్పుడు నల్లని మగ తేనెపిట్ట ఎండలో ఊదారంగు మెరుస్తూ పువ్వు పువ్వుకూ తిరుగుతుంది. ఆ పూతకు చేరే చిన్న పురుగుల కోసం వార్బ్లర్లు కూడా వస్తాయి. గింజలు, తేనె, పండ్లు, పురుగులు అనే నాలుగు రకాల తిళ్ళలో రెండు ఒకే చెట్టు మీద దొరుకుతాయి.

జొన్న, సజ్జ మడి గురించి ఒక మాట. మన తాతలు మంచె ఎక్కి వడిసెల తిప్పి జొన్న చేల మీంచి పిట్టల్ని తోలారు. పెరట్లో పది జొన్న మొక్కలు మీ కోసం కాదు, వాటి కోసమే. కంకి పాలు పట్టినప్పటి నుంచీ జీనువాయిలు దిగుతాయి. తోటకూర కూడా అన్నీ కోసేయకుండా నాలుగు మొక్కలు విత్తనానికి వదలండి. గింజల గిన్నెకన్నా ఇది మంచి దారి. గింజలు నేల మీద పేరుకోవు, బూజు పట్టవు, ఎలుకలు అంతగా చేరవు.

లాంటానా ఎంత పూసినా వద్దు, అడవుల్ని కమ్మేస్తున్న కలుపు అది. గోడ వెంట కోనోకార్పస్ వరస కూడా వద్దు. ఎప్పుడూ పచ్చగా ఉంటుందిగాని పిట్టకు అందులో పండూ లేదు, తేనే లేదు. రావి, మర్రి, జువ్వి పిట్టలకు మహావృక్షాలే, వాటి చోటు చెరువు గట్టూ గుడి ఆవరణా, రెండు వందల గజాల ఇల్లు కాదు.

## గింజలు

చివర్న పెట్టినంత మాత్రాన పనికిరానివని కాదు. పద్ధతి ముఖ్యం.

అన్నిటిలోకీ మేలైనది వరి కుచ్చు. గోదావరి జిల్లాల్లో కొత్త పంట కోతకొచ్చాక కంకుల్ని గడ్డితో సహా కోసి, అల్లి, చూరుకీ గుడి మండపానికీ వేలాడదీస్తారు. ఖరీఫ్ కోతలు నవంబరు, డిసెంబరుల్లో కాబట్టి సరిగ్గా చలికాలానికి అందుతుంది. పిచ్చుక ఆ కుచ్చును పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ ఒక్కో గింజ లాగి, ముక్కులో అటూ ఇటూ దొర్లించి, పొట్టు జార్చి బియ్యాన్ని మింగుతుంది. పావురం అంత బరువుతో దాని మీద నిలవలేదు. ఆ ఒక్క గుణం చాలు, పళ్ళెంలో పోసిన గింజలకన్నా కుచ్చు మెరుగని చెప్పడానికి. ఏడెనిమిది అడుగుల ఎత్తున, వాన తగలని చోట కట్టండి.

పళ్ళెంలో వేయాలనుకుంటే కొర్రలు, సజ్జలు, బియ్యపు నూకలు మంచివి. పొద్దున ఒక గుప్పెడు, సాయంత్రానికి ఖాళీ కావాలి. మిగిలితే తీసేయాలి. తడిసిన గింజకు బూజు పడుతుంది, అది పిట్టలకు విషం. వేరుశనగ పప్పు వేస్తే ఉప్పు లేనిది, బూజు లేనిది వేయండి. మిక్చరు, బిస్కెట్లు, రొట్టె, తాలింపు అన్నం వద్దు. పళ్ళేన్ని వారానికోసారి వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టాలి, లేకపోతే ఒక జబ్బు పిట్ట నుంచి అన్నిటికీ అంటుకుంటుంది.

రైతులకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి: విత్తన శుద్ధి చేసిన గింజలు, అంటే మందు పట్టించిన రంగు గింజలు, మిగిలిపోయాయని ఎట్టి పరిస్థితిలోనూ పిట్టలకు వేయకండి. కొద్ది గింజలే ప్రాణం తీస్తాయి. అలాగే గింజలకు ఎలుకలు చేరాయని ఎలుకల మందు పెడితే, ఆ ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా చస్తుంది.

పట్నంలో పావురాలే అసలు చిక్కు. అపార్ట్‌మెంట్ డాబా మీద గింజలు చల్లితే వారంలో పావురాల గుంపు చేరుతుంది, పిచ్చుకలకు చోటుండదు. వాటి రెట్టలు ఎండి గాల్లో కలిస్తే కొందరికి ఊపిరితిత్తుల్లో తీవ్రమైన అలర్జీ వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు, ముసలివాళ్ళు ఉన్న ఇళ్ళలో బాల్కనీ గింజలు వద్దనే నేను గట్టిగా చెప్తాను.

ధనుర్మాసంలో ఇంకో అందమైన దారి ఉంది. వాకిట్లో ముగ్గు రాతిపొడితో కాక బియ్యప్పిండితో వేస్తే చీమలూ పిచ్చుకలూ రెండూ తింటాయి.

## గూటిపెట్టె

చలికాలంలో పిట్టల్ని రప్పించే సాధనం కాదు ఇది, రాబోయే నెలలకు పెట్టుబడి. తొర్రల్లో, గోడ కంతల్లో గూడు పెట్టే పిట్టలే పెట్టె వాడతాయి: పిచ్చుక, మాగ్‌పై రాబిన్, గోరింక. తేనెపిట్ట, పిగిలిపిట్ట, గిజిగాడు సొంతంగా కట్టుకుంటాయి. పిచ్చుకకు రంధ్రం 32 మిల్లీమీటర్లు సరిపోతుంది. అంతకన్నా పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి. ముందు వాలడానికి పుల్ల పెట్టకూడదు, అది కాకికి ఉపయోగపడుతుంది. మధ్యాహ్నం ఎండ తగలని గోడకు ఎనిమిది పదడుగుల ఎత్తున డిసెంబరు, జనవరిలో బిగిస్తే ఎండాకాలం ముందే పిట్టలకు అలవాటవుతుంది.

## అన్నీ పక్కపక్కన పెడితే

| | నీళ్ళు | ఊడ్వని మూల | మొక్కలు | గింజలు | గూటిపెట్టె |
|---|---|---|---|---|---|
| వలస పిట్టలు వస్తాయా? | వస్తాయి | బాగా వస్తాయి | కొన్ని, పురుగుల కోసం | దాదాపు రావు | రావు |
| ఫలితం | రోజుల్లో | వారాల్లో | నెలల నుంచి ఏళ్ళు | రోజుల్లో | వచ్చే గూళ్ళ కాలానికి |
| రోజువారీ పని | ఉంది | లేదు | కొద్దిగా | ఉంది | లేదు |
| ఖర్చు | తక్కువ | లేదు | ఒకసారి | నెలనెలా | ఒకసారి |
| ప్రధాన బెడద | దోమలు | పాముల భయం | కోతులు | పావురాలు, ఎలుకలు | గోరింకల ఆక్రమణ |

## ఎవరికి ఏది

నాలుగో అంతస్తు బాల్కనీ. మట్టి పళ్ళెంలో నీళ్ళు, కుండీల్లో ఒంటి రేకల మందారం, హమేలియా. గింజలు వద్దు. పావురాల వల కట్టి ఉంటే కుండీల్ని వల బయటి స్టాండు మీద గట్టిగా బిగించండి. అలా కుదరకపోతే పిట్టల ఆశ వదులుకోవాల్సిందే, వలలో చిన్న పిట్టలు ఇరుక్కుంటాయి.

అద్దె ఇల్లు. ఏడాదిలో ఖాళీ చేయాల్సి రావచ్చు కాబట్టి చెట్లు నాటే ఆలోచన ఓనరుతో మాట్లాడాకే. నీళ్ళ మూకుడు, వరి కుచ్చు, ఒక సజ్జ మడి. మూడూ ఒక చలికాలంలోనే ఫలితం చూపిస్తాయి.

పట్నంలో సొంత ఇల్లు, చిన్న పెరడు. నీళ్ళు, మునగ, అడ్డసరం కంచె, దూరం ఉంటే ఆకుల మూల. మీ మనసంతా పిచ్చుకల మీదే ఉంటే గూటిపెట్టె కలపండి.

పల్లెలో పెద్ద పెరడు, కోతులు తిరిగే ఊరు. జామ, బొప్పాయి నాటి బాధపడకండి. అడ్డసరం, రేగు, ఆకుల మూలకు ప్రాధాన్యం ఇవ్వండి. కోతి తొట్టిని బోర్లించకుండా నీళ్ళు పెట్టే మూకుణ్ణి నేలలో సగం పాతండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు. అక్కడి లెక్క పూర్తిగా వేరు. న్యూజెర్సీ లాంటి చోట్ల మంచు కప్పేశాక పురుగులు దొరకవు, చలికాలం ఉండిపోయే చికడీ, జంకో, కార్డినల్ పిట్టలకు నూనె గింజల బలం అవసరం. కాబట్టి నేను ఇక్కడ చివర్న పెట్టిన గింజలు అక్కడ ముందుకొస్తాయి: నల్ల పొద్దుతిరుగుడు గింజలు, కొవ్వుతో చేసే సూయెట్. నీళ్ళు గడ్డకట్టకుండా వేడిచేసే తొట్టి కావాలి. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతాల్లో అవి నిద్రపోయే చలి నెలల్లోనే గింజలు పెట్టాలి. ఎండిన పూల తలలు కోయకుండా వదలడం, చెట్ల కింద ఆకులు ఉంచడం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. కాలనీ సంఘం వాళ్ళ నిబంధనలు చూసుకుని ఇంటి వెనక వైపు చేయండి.

## తోట సర్దేటప్పుడు మానుకోవాల్సినవి

గులాబీలకు అక్టోబరు కత్తిరింపు అవసరమే, చేయండి. గోరింటాకు, అడ్డసరం, మందారం కంచెల్ని మాత్రం ఈ నెలల్లో గుండు కొట్టకండి. వార్బ్లర్లు తిండి వెతికేదీ, దాక్కునేదీ ఆ గుబురులోనే. ఫిబ్రవరి చివర్లో కత్తిరించుకుందామన్నా ముందు లోపల గూళ్ళున్నాయేమో చూడండి.

మందులు. డిసెంబరు, జనవరిలో మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడగానే ఇమిడాక్లోప్రిడ్ పట్టుకుంటారు. విరిసిన పూత మీద అది కొడితే తేనెటీగలు చస్తాయి, పూతకు చేరిన పురుగుల్ని తినడానికొచ్చే పిట్టలకు తిండి పోతుంది. పెరట్లో ఒకటి రెండు చెట్లే కదా. పూత విచ్చుకోకముందే వేపనూనె లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి. విచ్చాక చేయి పెట్టకండి. పిట్టల్ని పిలిచి, వాటి తిండికి మందు కొట్టడం ఒకే పెరట్లో కుదరదు.

సంక్రాంతి మర్నాడు, కనుమ నాటికి, చెట్లన్నీ ఒకసారి చూడండి. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది, అయినా కొమ్మల్లో చిక్కుకుని కనిపిస్తూనే ఉంటుంది. అది కుళ్ళదు, తెగదు. రెక్కకో కాలికో చుట్టుకుంటే పిట్ట అక్కడే వేలాడి చస్తుంది. పొడవైన దోటీతో లాగి, ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయండి. మీ పిల్లలకు నూలు దారం కొనివ్వండి.

పెరటికి వచ్చిన చిలుకనో జీనువాయినో పట్టి పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అమ్మేవాళ్ళ దగ్గర కొని వదిలేయడం కూడా ఆ వ్యాపారాన్నే పోషిస్తుంది.

మీరు ఎంచుకున్నది పనిచేసిందా లేదా తెలుసుకోవడానికి మంచి అదను ఫిబ్రవరి మధ్యలో వస్తుంది. గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ పేరుతో నాలుగు రోజులు ప్రపంచమంతా తమ పెరటి పిట్టల్ని లెక్కపెడతారు, మన దేశంలో 2013 నుంచి జరుగుతోంది. పదిహేను నిమిషాలు కూర్చుని కనబడినవన్నీ రాసి, పిట్టల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెడితే మీ లెక్క శాస్త్రవేత్తలకు కూడా పనికొస్తుంది. జాబితాలో పావురాలు, కాకులు, గోరింకలే ఉంటే వచ్చే అక్టోబరు నుంచి గింజలు మానేసి ఆకుల మూలను పెంచండి. తేనెపిట్టలు ఉండి వార్బ్లర్లు లేకపోతే కంచె ఇంకొంచెం గుబురుగా పెరగనివ్వండి. అన్నీ ఉండి పిచ్చుక ఒక్కటే లేకపోతే వరి కుచ్చు, గూటిపెట్టె రెండూ కలిపి పెట్టండి.